అంబాసిడర్ 1489 పెట్రోల్: క్యామ్, ట్యాపెట్లు, వాల్వులు ఏవి వేయించాలి?

తెనాలి_మార్క్4
నాన్నగారి 1986 అంబాసిడర్, మార్క్ 4, పెట్రోల్. ఇంజిన్ దింపి విజయవాడ ఆటోనగర్‌లో పెట్టాం. బోరు, పిస్టన్ల సంగతి తేలిపోయింది, దాని గురించి అడగట్లేదు. గొడవంతా క్యామ్ నుంచి వాల్వు దాకా ఉన్న సామాను దగ్గరే: క్యామ్ తిరుగుతూ దాని లోబ్ (ముక్కులా పొడుచుకొచ్చిన భాగం) ట్యాపెట్‌ని, ట్యాపెట్ పుష్‌రాడ్‌ని, అది రాకర్‌ని తోస్తే రాకర్ వాల్వుని నొక్కి తెరుస్తుంది.

మేస్త్రి పాత క్యామ్‌నే గ్రైండింగ్ చేయిద్దాం, సరిపోతుంది అంటాడు. సామాన్ల షాపాయన కొత్తది తీసుకోమంటాడు, చూస్తే డబ్బా మీద పేరూ ఊరూ ఏమీ లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న మా బావ ఎంజీబీకి (ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు) వేసే, వాల్వుని ఎక్కువసేపు తెరిచి ఉంచే స్పోర్ట్స్ క్యామ్, గట్టి స్ప్రింగులు పంపిస్తా, బండి ఎగిరిపోతుంది అంటున్నాడు. ముగ్గురూ గట్టిగానే చెప్తున్నారు, ఒకరి మాట ఒకరికి పొసగదు.

విప్పకముందు ఎలా ఉండేదంటే: ట్యాపెట్ల చప్పుడు సరేసరి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ, కాసేపటికి పోయేది. రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య వదిలే సందు) ఎన్నిసార్లు సెట్ చేసినా కొన్నాళ్ళకే తగ్గిపోయేది. ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు?

సికింద్రాబాద్_శీను
అమ్మేసి స్విఫ్ట్ కొనుక్కో.

పాతబండి_పిచ్చోడు
శీనూ, పాత బండి అని ఎవడు రాసినా నీ మందు ఇదొక్కటే. పక్కకి జరుగు.

గోదారోడు
అంబాసిడర్‌లో హారన్ తప్ప అన్నీ మోగుతాయి కదా, ట్యాపెట్లకి భయపడతావేంటి.

పాతబండి_పిచ్చోడు
ఆ జోకు బండి కంటే పాతది.

లేత్_బాబాయ్
తెనాలి, ఎవరి మాటా వినకు, ముందు కొలతలు తీయించు. ఇంజిన్ ఎలాగూ కింద ఉంది కాబట్టి పని తేలిక.

క్యామ్: ఒక్కో లోబ్‌కి మైక్రోమీటర్‌తో రెండు కొలతలు. ముక్కు నుంచి వెనక్కి ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే లిఫ్ట్ వస్తుంది. ఎనిమిదీ కాగితం మీద రాయి. ఇన్‌లెట్లు నాలుగూ ఒకదానితో ఒకటి కలవాలి, ఎగ్జాస్ట్‌లు నాలుగూ కలవాలి. ఏదో ఒకటి పది థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తక్కువ వచ్చిందంటే ఆ లోబ్ అరిగిపోయింది. రాకర్ రేషియో ఇంచుమించు 1.4 కాబట్టి వాల్వు దగ్గరికొచ్చేసరికి ఆ లోటు ఇంకా పెరుగుతుంది.

ట్యాపెట్లు: రెండు తీసుకుని వాటి అడుగులు ఒకదానికొకటి ఆనించి లైటుకి ఎదురుగా పట్టుకో. మంచి ట్యాపెట్ అడుగు కంటికి చదునుగా ఉన్నా మధ్యలో పిసరంత ఉబ్బు ఉంటుంది. అందుకని అంచుల దగ్గర వెలుగు కనపడాలి. అసలు వెలుగే రాలేదంటే ఉబ్బు అరిగింది. మధ్యలోంచి వెలుగొస్తే గుంట పడింది. ఆ ఉబ్బు, లోబ్ మీద ఉండే కొంచెం వాలు, ఈ రెండింటి వల్లే ట్యాపెట్ నడుస్తున్నంతసేపూ తన చుట్టూ తాను తిరుగుతుంది. తిరగడం ఆగిన ట్యాపెట్ లోబ్‌ని తినేస్తుంది.

కాబట్టి క్యామ్ కొత్తదైనా, గ్రైండ్ చేయించినదైనా, ట్యాపెట్లు ఎనిమిదీ కొత్తవే. ఇందులో పొదుపు లేదు.

మీ మేస్త్రి చెప్పిన గ్రైండింగ్ తప్పేం కాదు. కానీ క్యామ్ లోబ్ పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. లోతైన గుంటలు పోయేదాకా రాపిస్తే ఆ పొర దాటి మెత్తటి ఇనుము బయటపడుతుంది. అలాంటి క్యామ్ ఒక ఎండాకాలం కూడా ఆగదు. గీతలు పైపైన ఉంటేనే గ్రైండింగ్, గుంటలుంటే పక్కన పడెయ్.

డల్లాస్_ఎంజీబీ
నా దగ్గర 1970 ఎంజీబీ ఉంది, మీ అంబాసిడర్ ఇంజిన్‌కి సొంత తమ్ముడే. రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ళ బీ-సిరీస్ ఇంజిన్లే. స్ట్రోకు రెండింటికీ 88.9 మి.మీ., బోరు మీది 73, మాది 80. అందుకని మీ బావగారి ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

స్పోర్ట్స్ క్యామ్ వద్దని చెప్పండి. మీ ఇంజిన్ ఇచ్చేది సుమారు 50 గుర్రాలు, అదీ 4,200 ఆర్‌పీఎం దగ్గర. ఒక్క కార్బొరేటర్, పైగా హెడ్‌లో ఇన్‌లెట్ దారులు రెండే: ఒకటీ రెండూ సిలిండర్లకి ఒకటి, మూడూ నాలుగూ కలిసి ఇంకోటి. అంత ఇరుకు ముక్కుతో గాలి పీల్చే ఇంజిన్‌కి వాల్వు ఎక్కువసేపు తెరిచి పెడితే పైన వచ్చే లాభం తక్కువ, కింద పోయే లాగుడు ఎక్కువ. తెనాలి బజారులో రెండో గేరులో మెల్లగా పోవాల్సిన బండి అది.

గట్టి స్ప్రింగులు అసలే వద్దు. ఇంజిన్ 5,500 దాటి తిరిగితే వాల్వు ఎగరకుండా పట్టుకోడానికి అవి. మీకు ఆ స్పీడే రాదు. ఆ బరువంతా ఊరికే లోబ్ మీద, ట్యాపెట్ మీద, రాకర్ బుష్ మీద పడుతుంది.

ఇంకో సంగతి. తర్వాతి కాలం ఎంజీబీల్లో ట్యాపెట్లు పొట్టివి చేసి పుష్‌రాడ్లు పొడుగు చేశారు. బావగారు ట్యాపెట్లు ఒక మోడల్‌వీ, పుష్‌రాడ్లు ఇంకో మోడల్‌వీ పంపితే రాకర్ స్క్రూ అందదు, లేకపోతే మిగిలిపోతుంది.

తెనాలి_మార్క్4
బావకి ఫార్వర్డ్ చేశాను. "అమెరికా వాళ్ళకి స్పీడంటే భయం" అన్నాడు.

డల్లాస్_ఎంజీబీ
ఆయన ఏ కారు నడుపుతారో కనుక్కోండి.

తెనాలి_మార్క్4
బస్సు.

శిరీష_పద్మిని
😂 ఈ థ్రెడ్ సేవ్ చేసుకుంటున్నా.

నీలం పొగ మాట ఎవరూ ఎత్తలేదు. పొద్దున స్టార్టింగ్‌లో వచ్చి తర్వాత పోతుందంటే వాల్వు గైడ్ల (వాల్వు కాడ ఆడే గొట్టాల) మీదే అనుమానం. రాత్రంతా ఆయిల్ గైడ్లోంచి కారి వాల్వు వెనక చేరుతుంది. మా ప్రీమియర్ పద్మిని కారుదీ అదే తంతు. లంబసింగి ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి, కిందికొచ్చి మళ్ళీ తొక్కితే వెనక బండివాడు కనపడేవాడు కాదు. పిస్టన్ రింగులు పోయాయని ఇద్దరు మెకానిక్‌లు తేల్చేశారు. రింగులైతే బండి లాగుతున్నప్పుడల్లా పొగ రావాలి కదా! హెడ్ ఒక్కటే దింపి గైడ్లు మార్పిస్తే పోయింది.

వాల్వుని సీటు (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే అంచు) మీంచి కొంచెం పైకెత్తి అటూ ఇటూ ఊపి చూడండి. స్పష్టంగా ఊగుతోందంటే గైడు మార్చాలి. అప్పుడు వాల్వు కాడ కూడా కొలవండి. కొత్త గైడులో అరిగిన వాల్వు వేస్తే డబ్బు దండగ.

గోదారోడు
గైడ్లు ఇత్తడివి వెయ్యి, జన్మలో అరగవు.

లేత్_బాబాయ్
ఇత్తడి కాదు, ఫాస్ఫర్ బ్రాంజ్. దానికీ అరుగుదల ఉంది. వేడిని బాగా లాగేస్తుంది, అందుకు ఎగ్జాస్ట్ వైపు మంచిదే. కానీ మామూలు రోడ్డు బండికి పోత ఇనుము గైడే నేను వేస్తాను. ఏది వేసినా గైడు దిగ్గొట్టాక రీమర్ వేసి వాల్వు కాడకి తగ్గట్టు సైజు చెయ్యాలి, ఆ తర్వాత ఆ గైడుని ఆధారం చేసుకునే సీటు కట్ చెయ్యాలి. చాలామంది సీటు ముందు కోసేసి గైడు తర్వాత మారుస్తారు. ఇక సీటు ఒకచోట, వాల్వు ఒకచోట.

సీటు కోణం 45 డిగ్రీలు. చివర్లో పేస్టుతో రుద్దడం సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోడానికే. గంటలకొద్దీ రుద్ది వాల్వు ముఖం మీద గాడి పెట్టొద్దు.

సీల్స్ గురించి కూడా: ఈ ఇంజిన్‌కి అసలు వచ్చేది కాటర్ల (స్ప్రింగుని వాల్వు కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కల) కింద కూర్చునే చిన్న రబ్బరు రింగు. అది గట్టిపడి పెంకులా విరిగిపోతుంది. ఎనిమిదీ మార్చు. పైసల సామాను.

పాతబండి_పిచ్చోడు
అసలు రోగం ఇంకా మిగిలే ఉంది. ఎగ్జాస్ట్ గ్యాప్ తగ్గిపోతోంది అన్నాడు. అరిగితే గ్యాప్ పెరగాలి గానీ తగ్గడమేంటి?

లేత్_బాబాయ్
క్యామ్, ట్యాపెట్, రాకర్ అరిగితే పెరుగుతుంది. తగ్గిందంటే వాల్వు సీటులోకి దిగిపోతోంది. తల లోపలికి పోతే కాడ పైకి వస్తుంది, గ్యాప్ మూసుకుపోతుంది. పట్టించుకోకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. అందుకే పాత మేస్త్రులు చప్పుడు చేసే ట్యాపెట్‌ని వదిలేసి, చప్పుడు ఆగిపోయినదాన్ని ముందు పట్టుకుంటారు.

రెండు, మూడే ఎందుకంటే, డల్లాస్ బాబు ఇన్‌లెట్ గురించి చెప్పాడు గదా, ఎగ్జాస్ట్‌లో ఆ రెండు సిలిండర్లకీ కలిపి మధ్యలో ఒకటే దారి. హెడ్ మొత్తంలో అక్కడే వేడి ఎక్కువ.

ఈ హెడ్ సీసం కలిసిన పెట్రోల్ రోజుల్లో గీసిన డిజైన్. కాలిన సీసం సీటు మీద పల్చటి పూతలా ఉండి వాల్వు, సీటు వేడికి ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. హెడ్ ఇనుములోనే కోసిన సీటు కాబట్టి రేణువు రేణువుగా ఊడిపోతుంది. ఎగ్జాస్ట్ నాలుగింటికీ గట్టి సీటు రింగులు దిగ్గొట్టించి, మంచి వాల్వులు వేయించు. రాణే వాళ్ళవి దొరికితే తీసుకో.

పాతబండి_పిచ్చోడు
ఇక్కడ మాత్రం ఒప్పుకోను బాబాయ్. మా మార్క్ 2 హెడ్‌కి రింగుల్లేవు, సీసం పోయిన దగ్గర్నుంచీ అదే హెడ్. ట్యాపెట్లు చూసినప్పుడల్లా గ్యాప్ పెట్టినచోటే ఉంటోంది. రింగు కోసం హెడ్ తొలిపించడం అంటే మంచి హెడ్‌ని చేతులారా పాడుచేసుకోవడమే. కట్టర్ కొంచెం లోతుకి దిగి నీళ్ళ జాకెట్ తగిలిందా, ఆ హెడ్ తూకానికే.

లేత్_బాబాయ్
నువ్వు ఎంత స్పీడులో పోతావు?

పాతబండి_పిచ్చోడు
అరవై. ఎందుకు?

లేత్_బాబాయ్
అందుకే. స్పీడు, లోడు పెరిగినకొద్దీ సీటు దిగుడు పెరుగుతుంది. నువ్వు గుడికీ మార్కెట్‌కీ తిప్పుతావు. హైవే మీద తొంభైలో గంటసేపు ఏసీ వేసి తోలేవాడి సంగతి వేరు.

పాతబండి_పిచ్చోడు
ఏసీనా, మార్క్ 2లోనా. సరే, స్పీడు మాట నిజమే అనుకుందాం. అయినా నాలుగూ ఎందుకు? దిగింది రెండు, ఆ రెండింటికే వేయించమను. ఎన్ని తక్కువ తొలిస్తే అంత మంచిది.

శిరీష_పద్మిని
మా పద్మిని 1089 సీసీ ఇంజిన్ హెడ్ అల్యూమినియం, దానికి రింగులు లేకుండా కుదరదు. కాబట్టి ఈ కొట్లాటలో నాకు పార్టీ లేదు. కానీ ఏం తొలిపించినా ముందు పగుళ్ళు చూపించండి. ఎగ్జాస్ట్ సీట్ల మధ్య సన్నటి పగులుంటే రింగులు వేసిన ఖర్చు కూడా నీళ్ళపాలే.

తెనాలి_మార్క్4
ఈరోజు దగ్గరుండి చూపించాను. రెండో, మూడో ఎగ్జాస్ట్ వాల్వులు మిగతావాటికంటే లోపలికి దిగి ఉన్నాయి, పక్కన పెట్టి చూస్తే కంటికే తెలుస్తోంది. ప్రెషర్ టెస్ట్‌లో హెడ్ నిలిచింది, పగుళ్ళు లేవు. క్యామ్ మీద ఒక ఎగ్జాస్ట్ లోబ్ 14 థౌ తక్కువ, ముక్కు మీద గుంటలున్నాయి. ట్యాపెట్లలో ఒక్కటి కూడా వెలుగు పరీక్ష పాస్ అవ్వలేదు.

లేత్_బాబాయ్
గ్రైండింగ్ మాట ఇక మర్చిపో.

ఆర్టీవో_బాధితుడు
ఇంత తిప్పలు పడే బదులు ఇసుజు 1.8 ఇంజిన్ ఎక్కించొచ్చుగా? తర్వాతి అంబాసిడర్లకి వచ్చిందేగా.

సికింద్రాబాద్_శీను
నీ పేరేంటో ఒకసారి చదువుకో. ఇంజిన్ మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి, దానికి మళ్ళీ ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరగాలి.

అదలా ఉంచి తెనాలీ, రాకర్ షాఫ్ట్ విప్పి చూశారా? ఇంతమంది పెద్దోళ్ళు ఉండి దాని ఊసే ఎత్తలేదు. రాకర్లని ఒక్కోదాన్నీ పక్కకి జరిపి షాఫ్ట్ అడుగుభాగం గోటితో గీకి చూడు. భారమంతా అడుగునే పడుతుంది, అక్కడ మెట్టు తగుల్తుంది. మెట్టుంటే షాఫ్ట్ కొత్తది, బుష్‌లు కొత్తవి. బుష్ కొట్టాక ఆయిల్ రంధ్రం మళ్ళీ వేయించాలి, మర్చిపోతే ఆ రాకర్‌కి చుక్క ఆయిల్ అందదు. రాకర్ కొన వాల్వు మీద ఆనేచోట గుంట పడితే ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే రేకు) అబద్ధం చెప్తుంది: రేకు గుంట మీద వంతెనలా పరుచుకుంటుంది, కింద ఖాళీ అలాగే ఉండిపోతుంది. 15 థౌ పెట్టాననుకుంటావు, చప్పుడు మాత్రం పోదు.

పాతబండి_పిచ్చోడు
స్విఫ్ట్ శీనూ?? ఇవన్నీ నీకెక్కడివి?

సికింద్రాబాద్_శీను
రాణిగంజ్‌లో మా మావయ్యకి సామాన్ల షాపు. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే. అందుకే స్విఫ్ట్ కొనమంటున్నా.

డల్లాస్_ఎంజీబీ
శీను గారు చెప్పినదానికి తోక: ఈ ఇంజిన్‌లో రాకర్ స్టాండ్లని పట్టే నట్లలో నాలుగు హెడ్‌ని కూడా పట్టుకునేవే. రేపు బండి రోడ్డెక్కాక రాకర్ షాఫ్ట్ ఒక్కటే తీద్దామని ఆ నాలుగే విప్పితే హెడ్ ఒకవైపు ఒత్తిడి తగ్గి వంగొచ్చు, గాస్కెట్‌లోంచి నీళ్ళు దిగొచ్చు. నీళ్ళు వదిలేసి, హెడ్ నట్లన్నీ వరసలో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. అందుకే షాఫ్ట్ పని ఇప్పుడే చేయించేసుకోండి.

హెడ్ ఫేసింగ్ (అడుగు రాపించి చదును చేయడం) కొట్టిస్తే ఎంత తీశారో రాయించుకోండి. ఎక్కువ తీస్తే పుష్‌రాడ్ ఆ మేరకి పొడుగైనట్టే, రాకర్ వాలు మారుతుంది. స్టాండ్ల కింద పల్చటి షిమ్‌తో సరిచేస్తారు.

గోదారోడు
ఏ సామాను వేసినా ఆయిల్ మాత్రం లారీలకి పోసే డీజిల్ ఆయిల్ పొయ్యి. ఇప్పటి పెట్రోల్ ఆయిళ్ళలో అరుగుదల ఆపే జింక్ తీసేశారు, క్యామ్‌లు అందుకే పోతున్నాయి.

కాకినాడ_కెమిస్ట్
తీసేయలేదు, తగ్గించారు. అది కూడా అన్నింట్లో కాదు. జింక్‌తో పాటు ఉండే ఫాస్ఫరస్ సైలెన్సర్ దారిలోని కేటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, అందుకని ఏపీఐ ఎస్ఎన్ లాంటి గ్రేడుల్లో దాన్ని 0.08 శాతానికి మించనివ్వరు. కానీ ఆ హద్దు 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి ఆయిళ్ళకి. 20డబ్ల్యూ-50కి ఆ హద్దు వర్తించదు. అలాగని 20డబ్ల్యూ-50 అని రాసి ఉన్న ప్రతి డబ్బాలోనూ ఎక్కువుంటుందని కాదు, కంపెనీ డేటా షీట్‌లో అంకె చూసి కొనాలి.

లారీ ఆయిల్ కూడా పనికొస్తుంది, సీఐ-4 15డబ్ల్యూ-40 అయితే నాకు అభ్యంతరం లేదు. మామూలు స్ప్రింగులున్న అంబాసిడర్‌కి ఇదంతా జాగ్రత్త మాత్రమే. బావగారి గట్టి స్ప్రింగులు వేసి ఉంటే అప్పుడు నిజంగా భయపడాలి.

లేత్_బాబాయ్
ఆయిల్ ఏదైనా, మొదటి ఇరవై నిమిషాలే క్యామ్ ఆయుష్షు. లోబ్‌లకీ ట్యాపెట్ అడుగులకీ మాలిబ్డినం పేస్టు పూసి బిగించండి. ప్లగ్గులు తీసేసి ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ తిప్పండి. స్టార్ట్ అయిన క్షణం నుంచి రెండు వేల ఆర్‌పీఎం మీదే ఉంచండి, కొంచెం పైకీ కిందకీ ఆడిస్తూ. ఐడిలింగ్‌లో వదలొద్దు. ట్యాపెట్ల మీదికి ఆయిల్ చిమ్మేది క్రాంకే, అది మెల్లగా తిరిగితే చిమ్మదు. మన మేస్త్రులకి స్టార్ట్ అవ్వగానే ఐడిలింగ్ సెట్ చేసి టీ తాగడం అలవాటు. ముందు టీ తాగించెయ్.

తెనాలి_మార్క్4
రేపు ఆర్డర్ పెట్టేది ఇదీ: రాణిగంజ్‌లో శీను గారి మావయ్య షాపులో హిందుస్థాన్ మోటార్స్ డబ్బాలో పాత స్టాకు క్యామ్ ఒకటి ఉందట, అది. ట్యాపెట్లు ఎనిమిది, గైడ్లు ఎనిమిది, ఎగ్జాస్ట్ వాల్వులు నాలుగు. ఇన్‌లెట్ వాల్వు కాడలు కొలతకి వచ్చాయి, వాటికి ముఖం గ్రైండింగ్ చాలన్నారు. రాకర్ షాఫ్ట్‌కి శీను గారు చెప్పిన మెట్టు దొరికింది, కాబట్టి షాఫ్ట్, బుష్‌లు. పుష్‌రాడ్లు అద్దం మీద దొర్లించి చూశాం, అన్నీ తిన్నగానే ఉన్నాయి, పాతవే. సీటు రింగులు ఎగ్జాస్ట్ నాలుగింటికీ. పిచ్చోడు గారు ఏమీ అనుకోవద్దు.

స్ప్రింగులు తేలలేదు. మేస్త్రి పాతవి చాలంటాడు.

లేత్_బాబాయ్
ఒక కొత్త స్ప్రింగు తెప్పించి, దాన్నీ పాతదాన్నీ కొసా కొసా ఆనించి వైస్‌లో నొక్కించు. పాతది ముందుగా ముడుచుకుపోతే సెట్టు మార్చెయ్. రెండూ సమానంగా నొక్కుకుంటే మేస్త్రి చెప్పిందే రైటు. పాత స్టాకు క్యామ్ అని మురిసిపోకు, దానికీ ఎనిమిది లోబ్‌లు కొలువు, తుప్పు మచ్చ ఎక్కడన్నా ఉందేమో చూడు.

పాతబండి_పిచ్చోడు
అనుకోను గానీ నాలుగు రింగులు ఎక్కువే. ట్యాపెట్లు సెట్ చేసేప్పుడు తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకో: ఎనిమిదో వాల్వు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఒకటోదాని గ్యాప్ సెట్ చెయ్యి, ఆరోది నొక్కుకుంటే మూడోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి.

సికింద్రాబాద్_శీను
మావయ్యతో మాట్లాడా, క్యామ్ పక్కన పెట్టాడు. బేరం మాత్రం నువ్వే చూసుకో, నాకే తగ్గించడు.

కొత్తసభ్యుడు_నెల్లూరు
నాది డీజిల్ అంబాసిడర్, ఈ ట్యాపెట్లు దానికి సరిపోతాయా? పొగ నల్లగా వస్తోంది. ఇంకా స్టీరింగ్ కూడా ఒకవైపు లాగుతోంది.

లేత్_బాబాయ్
కొత్త థ్రెడ్ పెట్టు నాయనా. స్టీరింగ్‌కి ఇంకోటి.